వృత్తి స్నూకర్‌లో ర్యాంకింగ్, సీడింగ్ విధానాలు: చారిత్రక పరిశీలన (1976–2025)

వ్యాససంగ్రహం:
వృత్తి స్నూకర్‌లో ప్రపంచ ర్యాంకింగ్ పట్టిక 1976లో మొదలైంది. నాటి నుండి నేటి వరకు ఆ పట్టికను లెక్కించే పద్ధతి పలుమార్లు మారింది. ఒకే పోటీ ఫలితాలపై ఆధారపడిన పట్టిక క్రమంగా అనేక పోటీల పాయింట్ల మొత్తంగా, చివరకు ఆటగాడు గెలుచుకున్న నగదు మొత్తంగా రూపాంతరం చెందింది. ఈ మార్పులను కాలక్రమంలో పరిశీలించి, ర్యాంకింగ్ అనేది ఆటగాడి ప్రతిభను కొలిచే సాధనం మాత్రమే కాదనీ, రాబోయే పోటీలలో అవకాశాలను పంచే నియమావళి కూడా అనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. హైదరాబాదు, విశాఖపట్నం నగరాలలో జరిగిన ర్యాంకింగ్ పోటీలను ఈ చర్చలో ఉదాహరణగా తీసుకోవడమైనది.

కీలకపదాలు: స్నూకర్, ర్యాంకింగ్, సీడింగ్, డ్రా, ప్రపంచ ఛాంపియన్‌షిప్, క్రూసిబుల్, ఇండియన్ ఓపెన్, క్రీడాచరిత్ర.

1. ఉపోద్ఘాతం:
స్నూకర్ పుట్టుక భారతదేశంతో ముడిపడి ఉంది. 1875లో జబల్పూరులోని బ్రిటిష్ సైనికాధికారి నెవిల్ చాంబర్లేన్ ఈ ఆటను రూపొందించాడనీ, తరువాత నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని ఊటీ క్లబ్బులో దాని నియమాలు కుదురుకున్నాయనీ క్రీడాచరిత్రకారులు చెబుతారు. అయితే ఆట వృత్తిగా ఎదిగింది ఇంగ్లండులో. వృత్తిగా మారిన ఏ ఆటకైనా ఒక ప్రశ్న తప్పదు. పోటీకి వచ్చినవారిలో ఎవరు ఎవరితో, ఏ దశలో తలపడాలి? అందరి పేర్లూ చీటీలు వేసి తీస్తే ఇద్దరు మేటి ఆటగాళ్లు తొలిరోజే ఎదురుపడవచ్చు. నిర్వాహకుడి ఇష్టానికి వదిలితే పక్షపాతం అనే అనుమానం తలెత్తుతుంది. ఈ రెండు ప్రమాదాల నడుమ వెదికిన మార్గమే ర్యాంకింగ్, సీడింగ్ విధానం. గతంలో ఆడిన ఆటను ఎంతకాలం, ఎంత విలువతో గుర్తుంచుకోవాలి అన్న ప్రశ్నకు ఆయా కాలాలలో ఇచ్చిన సమాధానాలే ఈ విధానపు చరిత్ర.

2. పరిభాష:
తెలుగు పత్రికల క్రీడాపుటలలో 'ర్యాంకు', 'సీడ్' అనే మాటలను ఒకే అర్థంలో వాడడం కనిపిస్తుంది. నిజానికి ఇవి వేరు. ర్యాంకు అనేది మొత్తం ఆటగాళ్లలో ఒకరి స్థానక్రమం. సీడ్ అనేది ఒక నిర్దిష్ట పోటీ డ్రాలో అతనికి కేటాయించిన చోటు. ర్యాంకు కాలంతోపాటు కొనసాగేది. సీడ్ ఆ పోటీతోనే ముగిసేది. బలమైన ఆటగాళ్లను విత్తనాల వలె ఎడం ఎడంగా నాటడం అనే పోలిక ఈ మాటలో ఉంది.

తెలుగు లిపిలో 'సీడెడ్' అని రాసినప్పుడు మరో మాట కూడా స్ఫురిస్తుంది. సినిమా వ్యాపారంలో 'సీడెడ్' అంటే రాయలసీమ. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసిన మండలాలకు ఇంగ్లీషులో ఏర్పడిన పేరు అది. ఉచ్చారణ ఒకటే అయినా ఒక మాటలో నాటడం ఉంది, రెండవదానిలో వదులుకోవడం ఉంది. ఈ వ్యాసంలో 'సీడ్' అన్నది మొదటి అర్థంలోనే వాడబడింది.

3. పట్టికకు పూర్వం (1927–1975):
తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1927లో ముగిసింది. విజేత జో డేవిస్. 1946 వరకు జరిగిన 15 పోటీలలోనూ ఆయనే గెలిచాడు. ఒకే వ్యక్తి ఆధిపత్యం సాగిన ఆ కాలంలో, పోటీదారుల సంఖ్య కూడా తక్కువగా ఉన్నందున, స్థానక్రమ పట్టిక అవసరం కలగలేదు. 1952లో ఆటగాళ్లకు, నియంత్రణ సంస్థకు మధ్య విభేదాలు వచ్చి, అధికారిక పోటీలో ఇద్దరే పాల్గొన్నారు. మిగిలినవారు వేరుగా నడుపుకొన్న పోటీ కూడా 1957తో ఆగిపోయింది. 1964 నుండి 1968 వరకు టైటిల్ సవాలు పద్ధతిలో నడిచింది. అంటే విజేతను ఒకరు సవాలు చేయాలి, విజేత అతనితో ఆడాలి. ఆ సంవత్సరాలలో జాన్ పుల్మన్ టైటిల్‌ను నిలుపుకొంటూ వచ్చాడు. సవాలు పద్ధతిలో డ్రా ఉండదు కనుక సీడింగ్ ప్రసక్తి కూడా లేదు.

1969లో నాకౌట్ పద్ధతి తిరిగి వచ్చింది. దానితోపాటే డ్రా సమస్యా వచ్చింది. దాని తీవ్రత 1975లో ఆస్ట్రేలియాలో జరిగిన ఛాంపియన్‌షిప్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. 1969 నుండి 1974 వరకు టైటిల్ గెలిచినవారు ముగ్గురే: జాన్ స్పెన్సర్, రే రియర్డన్, అలెక్స్ హిగ్గిన్స్. 1975 డ్రాలో ఈ ముగ్గురూ ఒకే అర్ధభాగంలో పడ్డారు. రియర్డన్ క్వార్టర్ ఫైనల్లో స్పెన్సర్‌ను 19–17 తేడాతో, సెమీఫైనల్లో హిగ్గిన్స్‌ను 19–14 తేడాతో ఓడించాల్సి వచ్చింది. రెండవ అర్ధభాగం నుండి ఫైనల్‌కు వచ్చిన ఆస్ట్రేలియా ఆటగాడు ఎడ్డీ చార్ల్‌టన్‌కు ఈ ముగ్గురిలో ఎవరూ అంతకుముందు అడ్డురాలేదు. ఫైనల్లో రియర్డన్ 31–30 తేడాతో గెలిచాడు. ఒక్క ఫ్రేమ్ అటు ఇటు అయి ఉంటే టైటిల్‌ను డ్రాయే నిర్ణయించిందన్న మాట వచ్చేది. మరుసటి సంవత్సరమే ర్యాంకింగ్ పట్టిక రావడాన్ని ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవాలి.

4. తొలి పట్టిక (1976):
1976–77 సీజన్ కోసం రూపొందిన తొలి పట్టిక చాలా సరళమైనది. గడచిన మూడు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ల ఫలితాలే దానికి ఆధారం. విజేతకు 5, రన్నరప్‌కు 4, సెమీఫైనల్లో ఓడినవారికి 3, క్వార్టర్ ఫైనల్లో ఓడినవారికి 2, చివరి 16 మందిలో ఓడినవారికి 1 పాయింటు. 1974, 1975, 1976లలో వరుసగా గెలిచిన రియర్డన్‌కు సాధ్యమైన గరిష్ఠ పాయింట్లు 15 వచ్చాయి. ఆయన తొలి ప్రథమ ర్యాంకరు అయ్యాడు.

ఈ పట్టికలోని ఆలోచనను రెండు అంశాలుగా చూడవచ్చు. మొదటిది, మూడేళ్ల కిందటి విజయానికీ నిన్నటి విజయానికీ ఒకే విలువ ఇవ్వడం. రెండవది, ఏడాదికి ఒక్కసారి జరిగే పోటీని తప్ప మరి దేనినీ లెక్కలోకి తీసుకోకపోవడం. మిగిలిన పోటీలలో ఎంత బాగా ఆడినా పట్టికలో కదలిక ఉండదు. ఆటగాళ్ల సంఖ్య పరిమితంగా ఉన్నంతకాలం ఈ లోపం పెద్దగా బాధించలేదు. 1977లో ఛాంపియన్‌షిప్ షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటరుకు చేరింది. 1978 నుండి బీబీసీ ప్రతిరోజూ ప్రసారం చేయడంతో ఆటకు ఆదరణ, ఆటగాళ్ల సంఖ్య రెండూ పెరిగాయి. 1982లో ప్రధాన పోటీ 32 మందికి విస్తరించింది. అగ్రశ్రేణి 16 మందికి నేరుగా ప్రవేశం, మిగిలిన 16 చోట్లకు అర్హత పోటీలు అనే నియమం అప్పటి నుండి నేటికీ కొనసాగుతోంది. దానితో పట్టికలోని 16వ, 17వ స్థానాల మధ్య గీత ఆటగాళ్ల జీవనోపాధిని నిర్ణయించే గీతగా మారింది.

5. క్రమశిక్షణ, విస్తరణ (1982–1997):
పట్టిక ఆటను మాత్రమే కొలుస్తుందన్న భావనకు 1982లోనే భంగం కలిగింది. ఆ ఏడాది ఫైనల్లో హిగ్గిన్స్ రియర్డన్‌ను ఓడించి విజేత అయ్యాడు. నాటి లెక్క ప్రకారం హిగ్గిన్స్‌కు 1980లో రన్నరప్‌గా 4, 1981లో 1, 1982లో 5, మొత్తం 10 పాయింట్లు రావాలి. రియర్డన్‌కు అవే సంవత్సరాలలో వరుసగా 2, 3, 4, మొత్తం 9 పాయింట్లు. ఆటలో వచ్చిన ఫలితాలనే చూస్తే హిగ్గిన్స్ ప్రథమ ర్యాంకరు. అయితే క్రమశిక్షణ చర్యలో భాగంగా అతని ఖాతా నుండి 2 పాయింట్లు కోత వేశారు. 8 పాయింట్లతో అతను వెనుకబడగా, 49 ఏళ్ల రియర్డన్ మళ్లీ అగ్రస్థానానికి వచ్చాడు. బల్ల మీద సంపాదించిన పాయింటును బల్ల బయటి ప్రవర్తనకు శిక్షగా తీసివేయవచ్చా? ఈ ప్రశ్న నైతికమైనదే కాక సిద్ధాంతపరమైనది కూడా. పట్టిక కొలమానమైతే అందులో శిక్షకు చోటు లేదు. శిక్షకు చోటున్నదంటే అది సంస్థ తన సభ్యులకు ఇచ్చే హోదా పట్టిక అని అర్థం.

ఆ ఏడాదే మరో మార్పు జరిగింది. 1982–83 సీజన్‌లో ఇంటర్నేషనల్ ఓపెన్, ప్రొఫెషనల్ ప్లేయర్స్ టోర్నమెంట్‌లకు కూడా ర్యాంకింగ్ పాయింట్లు కేటాయించారు. 1984లో యూకే ఛాంపియన్‌షిప్ కూడా ర్యాంకింగ్ పోటీ అయింది. కాలక్రమంలో రెండు సీజన్ల ఫలితాలను లెక్కించే పద్ధతి స్థిరపడింది. ఏడాదికొకసారి పట్టిక సవరించే ఆ కాలంలో 1983 నుండి 1990 వరకు స్టీవ్ డేవిస్, 1990 నుండి 1998 వరకు స్టీఫెన్ హెండ్రీ నిరాటంకంగా అగ్రస్థానంలో ఉన్నారు. వారి ఆధిపత్యానికి వారి ఆటే ప్రధాన కారణం. కానీ సీజన్ నడుమ అగ్రస్థానం చేతులు మారే వీలు నియమాలలోనే లేదన్నది కూడా గమనించాలి.

1991లో రుసుము చెల్లించిన ఎవరైనా వృత్తి ఆటగాడు కావచ్చని సంస్థ ద్వారాలు తెరిచింది. వందల మంది చేరారు. పట్టికలో అట్టడుగున ఉన్న కొత్తవారు ప్రధాన పోటీకి చేరాలంటే రౌండు తరువాత రౌండుగా సుదీర్ఘమైన అర్హత దశలు దాటాలి. 1992లో వృత్తిలోకి వచ్చిన రోనీ ఓ'సల్లివన్ తొలి 76 మ్యాచ్‌లలో 74 గెలిచాడు. అంతటి ప్రతిభావంతుడు కూడా బ్లాక్‌పూల్‌లోని అర్హత వేదికలో ఆ మెట్లన్నీ ఎక్కవలసి వచ్చింది. పైన ఉన్నవారిని పట్టిక ఎలా కాపాడుతుందో, కిందివారి దారిని ఎంత పొడవు చేస్తుందో ఈ ఒక్క లెక్క తెలుపుతుంది.

6. నిత్యం మారే పట్టిక (2010):
2010లో బ్యారీ హెర్న్ వృత్తి స్నూకర్ వాణిజ్య వ్యవహారాల పగ్గాలు చేపట్టాడు. వార్షిక పట్టిక స్థానంలో ప్రతి పోటీ తరువాత సవరించే పట్టిక వచ్చింది. కొత్త పోటీ పాయింట్లు చేరుతుండగా, రెండేళ్ల కిందటి పాయింట్లు తొలగిపోతాయి. సీజన్ మధ్యలో నిర్ణీత తేదీల నాటి స్థానాలను బట్టి తరువాతి పోటీలకు సీడింగ్ నిర్ణయిస్తారు. ఫలితం వెంటనే కనిపించింది. 2010 సెప్టెంబరులోనే ఆస్ట్రేలియాకు చెందిన నీల్ రాబర్ట్‌సన్ సీజన్ నడుమ అగ్రస్థానానికి చేరాడు. పాత పద్ధతిలో అతను మరుసటి వేసవి వరకు వేచి ఉండవలసి వచ్చేది.

దీనివల్ల ఫామ్‌లో ఉన్న ఆటగాడికి న్యాయం దక్కింది. మరోవైపు విశ్రాంతికి మూల్యం పెరిగింది. ఆడని ప్రతి పోటీ ఆటగాడి పట్టిక స్థానాన్ని తగ్గించగలదు. 2012–13 సీజన్‌లో దాదాపు ఆటకు దూరంగా ఉన్న ఓ'సల్లివన్ అగ్ర 16 నుండి జారిపోయాడు. అయినా గత విజేతకు ఒకటవ సీడ్ ఇవ్వాలనే నియమం ప్రకారం 2013 క్రూసిబుల్ పోటీలో ఆయనే ఒకటవ సీడ్. బ్యారీ హాకిన్స్‌ను 18–12 తేడాతో ఓడించి టైటిల్ నిలుపుకొన్నాడు. పట్టిక చెప్పిన మాట ఒకటి, సీడింగ్ చెప్పిన మాట మరొకటి. ఆ ఏడాది ఆట సీడింగ్ పక్షాన నిలిచింది.

7. పాయింట్ల నుండి పౌండ్లకు (2014):
2014లో మరింత మౌలికమైన మార్పు వచ్చింది. పాయింట్ల స్థానంలో నగదు బహుమతి ప్రమాణమైంది. ఒక పౌండు గెలిస్తే ఒక పాయింటు. పోటీల సాపేక్ష విలువను సంఘం నిర్ణయించే బదులు బహుమతి మొత్తం నిర్ణయిస్తుంది. ఈ మార్పు పరిమాణాన్ని ఒక పోలికతో గ్రహించవచ్చు. పాత పద్ధతి చివరి దశలో ప్రపంచ విజేతకు 10,000, యూకే విజేతకు 8,000 పాయింట్లు. అంటే నిష్పత్తి 1.25. నగదు పద్ధతి వచ్చాక 2014 యూకే విజేతకు 1,50,000 పౌండ్లు, 2015 ప్రపంచ విజేతకు 3,00,000 పౌండ్లు. నిష్పత్తి 2 అయింది. 2019లో ప్రపంచ విజేత బహుమతి 5,00,000 పౌండ్లకు చేరగా, ఆ ఏడాది యూకే విజేతకు దక్కింది 2,00,000 పౌండ్లు. నిష్పత్తి 2.5. ఆటలో ఏ మార్పూ లేకుండానే ఒక పోటీ బరువు మరో పోటీతో పోల్చితే రెట్టింపు అయింది.

తెలుగు నేలపై జరిగిన పోటీలతో ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. ఇండియన్ ఓపెన్ 2016 జులైలో హైదరాబాదులో, 2017 సెప్టెంబరులో విశాఖపట్నంలో జరిగింది. హైదరాబాదులో స్కాట్లండుకు చెందిన ఆంథనీ మెక్‌గిల్ కైరన్ విల్సన్‌ను 5–2 తేడాతో ఓడించి తన తొలి ర్యాంకింగ్ టైటిల్ గెలిచాడు. విశాఖలో అదే మెక్‌గిల్‌ను జాన్ హిగ్గిన్స్ 5–1 తేడాతో ఓడించాడు. రెండు చోట్లా విజేతకు 50,000 పౌండ్లు. విశాఖ పోటీ జరిగిన సీజన్‌లోనే 2018 ప్రపంచ విజేత మార్క్ విలియమ్స్‌కు 4,25,000 పౌండ్లు లభించాయి. అంటే విశాఖ వంటి పోటీలు ఎనిమిది గెలిచినా పట్టికలో ఒక్క క్రూసిబుల్ విజయానికి సరిపోవు. ఈ పోటీల తొలి రౌండు మ్యాచ్‌లు చాలావరకు ముందే ఇంగ్లండులో జరిగాయన్నది కూడా గుర్తించదగినది. హైదరాబాదులో ఆడాలంటే ముందు ఇంగ్లండులో గెలవాలి. ఇక్కడి ప్రేక్షకుడికి దగ్గరైన పోటీ ఇక్కడి వర్ధమాన ఆటగాడికి దగ్గర కాలేదు. 2013లో ఢిల్లీలో జరిగిన ఇండియన్ ఓపెన్ ఫైనల్‌కు చేరిన ఆదిత్య మెహతా, 2012 నుండి 2014 వరకు వృత్తి పర్యటనలో ఆడిన పంకజ్ అద్వానీ వంటివారి ప్రయాణాలను ఈ దూరాన్ని దృష్టిలో ఉంచుకొనే అంచనా వేయాలి.

8. సీడింగ్ గణితం:
క్రూసిబుల్ డ్రాలో 16 మంది సీడ్‌ల స్థానాలు ముందే నిర్ణీతం. అర్హత సాధించిన 16 మందిని చీటీల ద్వారా వారికి జతచేస్తారు. సీడ్‌లందరూ తమ స్థానానికి తగినట్టు గెలుస్తూ పోతే రెండవ రౌండులో తలపడే ఇద్దరి సీడ్‌ల మొత్తం ఎప్పుడూ 17 (1–16, 2–15, 8–9). క్వార్టర్ ఫైనల్లో ఆ మొత్తం 9, సెమీఫైనల్లో 5, ఫైనల్లో 3. మేటి ఆటగాడికి తొలి దశలలో బలహీన ప్రత్యర్థి, చివరి దశలో సమఉజ్జీ ఎదురయ్యేలా చేసిన అమరిక ఇది. 1975 డ్రా వంటి పరిస్థితికి ఇందులో తావు లేదు.

ఈ రక్షణ మితిమీరిందన్న విమర్శతో 2013 నుండి అనేక పోటీలలో 128 మందీ తొలి రౌండు నుండే ఆడే డ్రా ప్రవేశపెట్టారు. ఒకటవ ర్యాంకరైనా ఏడు మ్యాచ్‌లు గెలవాలి. చూడడానికి ఇది సమానత్వం. కానీ తొలి రౌండులో ఓడినవారికి నగదు ఉండేది కాదు, నగదు లేకపోతే పాయింట్లూ ఉండేవి కావు. కొత్తవారిలో చాలామందికి తొలి ప్రత్యర్థి పైశ్రేణి ఆటగాడే. పాత పద్ధతిలో కొత్తవాడు తన స్థాయివారితో ఆడి మెట్టు మెట్టుగా ఎక్కేవాడు. కొత్త పద్ధతిలో మెట్లు లేవు, గోడే ఉంది. 2022లో యూకే ఛాంపియన్‌షిప్ మళ్లీ అగ్ర 16 మందికి నేరుగా ప్రవేశమిచ్చే పద్ధతికి మారింది. 2022–23లో ప్రతి వృత్తి ఆటగాడికి 20,000 పౌండ్ల కనీస ఆదాయ హామీ కూడా వచ్చింది. ఈ రెండూ సమాన డ్రా ఒక్కటే సమన్యాయం కాదన్న అంగీకారంగా భావించవచ్చు.

పైవారి రక్షణకు పట్టికలోనే ఒక దిద్దుబాటు ఉంది. నేరుగా ప్రవేశం పొందిన సీడ్ తన తొలి మ్యాచ్‌లోనే ఓడిపోతే అతనికి నగదు అందుతుంది గాని, అది ర్యాంకింగ్ లెక్కలో చేరదు. ఆడకుండానే దక్కిన చోటు మరో చోటును సంపాదించి పెట్టకూడదన్నది ఈ నియమంలోని న్యాయం.

9. ఒక్క విజయం, రెండేళ్ల నీడ:
నగదు పద్ధతి స్వభావాన్ని రెండు ఇటీవలి ఉదంతాలు వెల్లడిస్తాయి. 2023లో బెల్జియంకు చెందిన లూకా బ్రెసెల్ ప్రపంచ విజేత అయి 5,00,000 పౌండ్లతో పట్టికలో రెండవ స్థానానికి ఎగబాకాడు. రెండేళ్ల తరువాత ఆ మొత్తం లెక్క నుండి తొలగిపోగానే అగ్ర 16 నుండి బయటపడ్డాడు. 2025లో చైనాకు చెందిన జావో షింటాంగ్ నిషేధకాలం ముగించుకొని అమెచ్యూరుగా వచ్చి, నాలుగు అర్హత మ్యాచ్‌లు, ఐదు ప్రధాన మ్యాచ్‌లు గెలిచి ఛాంపియన్ అయ్యాడు. ఆ ఒక్క పోటీ బలంతో తరువాతి సీజన్‌ను 11వ ర్యాంకుతో ఆరంభించాడు. ఒకరి పతనంలోను, మరొకరి ఆరోహణలోను ఆటకంటే లెక్కే పెద్ద పాత్ర వహించింది. 1976 పట్టికలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఒక్కటే లెక్క. ఐదు దశాబ్దాల మార్పుల తరువాత పట్టిక పెద్ద మొత్తం రూపంలో తిరిగి ఆ పోటీ చుట్టూనే తిరగడం ఈ చరిత్రలోని విశేషం.

10. ముగింపు:
- 1975 డ్రా వంటి అనుభవాల నేపథ్యంలో, నిర్వాహకుల విచక్షణకు బదులుగా లిఖిత నియమంగా ర్యాంకింగ్ అవతరించింది.
- 1982లో హిగ్గిన్స్ పాయింట్ల కోత, పట్టిక కేవలం కొలమానం కాదనీ, సంస్థాగత హోదా అనీ తేల్చింది.
- 2010లో పట్టిక జ్ఞాపకం చురుకైనది. 2014లో ఆ జ్ఞాపకానికి నగదు ప్రమాణమైంది. దానితో పోటీల సాపేక్ష విలువ క్రీడాసంఘం చేతి నుండి బహుమతి ఇచ్చేవారి చేతికి మారింది.
- సీడింగ్‌లో రక్షణ పెరిగితే కొత్తవారికి దారి పొడవవుతుంది. రక్షణ తొలగిస్తే వారికి తొలి మెట్టే గోడ అవుతుంది. 2013 తరువాతి ప్రయోగాలు, 2022 నాటి పునరాలోచన ఈ సందిగ్ధం ఇంకా తీరలేదని సూచిస్తున్నాయి.
- హైదరాబాదు, విశాఖ పోటీల అనుభవం ప్రకారం, ఒక ప్రాంతంలో ర్యాంకింగ్ పోటీ జరగడం, ఆ ప్రాంతపు ఆటగాడు ర్యాంకింగ్‌లోకి రావడం రెండూ ఒకటి కావు.

ఎవరు గొప్ప ఆటగాడన్న ప్రశ్నకు బల్ల జవాబు చెబుతుంది. ఆ బల్ల దగ్గరకు ఎవరు, ఎన్ని మ్యాచ్‌ల తరువాత, ఎవరిని దాటి చేరాలన్నది మాత్రం పట్టికే చెబుతుంది. అందుచేత క్రీడాచరిత్ర విజేతల పేర్లతోపాటు, ఆ విజయాలకు దారి వేసిన లెక్కలను కూడా నమోదు చేయవలసి ఉంది.